రేపట్నుంచి పనికి రావద్దంటే చట్టం ఏమంటుంది?

తిరుపతి నగరానికి బతుకుతెరువు యాత్రికులే కాబట్టి, వారికి గది చూపించే లాడ్జి గుమాస్తా మొదలుకొని హోటల్లో వడ్డించేవారు, బస్టాండు ఊడ్చేవారు, కొండ మీద ప్రసాదాల తయారీలో పనిచేసేవారి వరకు నెల జీతం మీద ఆధారపడిన కుటుంబాలు ఇక్కడ లెక్కకు మించి ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న ఉమ్మడి చిత్తూరు నుంచి తిరుపతి జిల్లా విడివడేనాటికే కరకంబాడిలో బ్యాటరీల పరిశ్రమ, సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో శ్రీసిటీ, రేణిగుంట, ఏర్పేడు పరిసరాల్లో ఎలక్ట్రానిక్స్ కర్మాగారాలు నెలకొని, కొత్త తరహా కొలువులు కూడా వచ్చి చేరాయి. ఇన్ని రకాల కొలువులున్న చోట కొలువు పోవడమూ ఇన్ని రకాలుగానే జరుగుతుంది. ఒకరికి డిస్మిస్ ఉత్తర్వు రాతపూర్వకంగా చేతికి వస్తుంది, మరొకరికి రేపట్నుంచి రావద్దన్న కబురు ఫోనులో అందుతుంది, ఇంకొకరి పేరు కాంట్రాక్టరు మారిన రోజున కొత్త జాబితాలో కనిపించదు. ఈ మూడింటినీ జనం ఉద్యోగం ఊడిందన్న ఒక్క మాటతోనే చెప్పుకుంటారు గాని, చట్టం వాటికి వేర్వేరు నియమాలు పెట్టింది, వాటికి దొరికే ఉపశమనమూ ఒకటి కాదు.

భారతదేశంలో యజమానికి ఉద్యోగిని తొలగించే అధికారం లేదనుకోవడం పొరపాటు, ఇష్టమొచ్చినట్టు తొలగించవచ్చుననుకోవడం అంతకంటే పెద్ద పొరపాటు. తొలగింపుకు తగిన కారణం ఉండాలని, ఆ కారణాన్ని ఉద్యోగికి చెప్పి అతని సమాధానం విన్న తరువాతే నిర్ణయం తీసుకోవాలని, తప్పు లేకుండా తొలగించినట్లయితే పరిహారం చెల్లించాలని చట్టం అడుగుతుంది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఉన్న పద్ధతి దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ వివక్ష వంటి నిషిద్ధ కారణాలు తప్ప మరే కారణంతోనైనా, కారణం చెప్పకుండానైనా ఉద్యోగిని పంపివేయవచ్చు. సరైన కారణం లేని తొలగింపు చెల్లదన్న సూత్రాన్ని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1982లో 158వ ఒడంబడికగా రూపొందించింది. భారత్ దానిపై సంతకం చేసి ఆమోదించకపోయినా, ఆ సూత్రంలోని సారం అంతకు మూడున్నర దశాబ్దాల ముందే 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ద్వారా ఈ దేశపు న్యాయంలోకి ప్రవేశించింది.

తొలగింపులను అర్థం చేసుకోవడానికి ముందుగా రెండు రకాలను విడదీసి చూడాలి. ఉద్యోగి తప్పు చేశాడన్న ఆరోపణతో శిక్షగా తొలగించడం మొదటిది. పని తగ్గిందనో, యంత్రం వచ్చిందనో, ఖర్చు భరించలేమనో, ఉద్యోగి తప్పేమీ లేకుండానే తగ్గించుకోవడం రెండవది. దీనిని రిట్రెంచ్‌మెంట్ అంటారు. ఈ రెండవ రకంలో పన్నెండు నెలల కాలంలో కనీసం 240 రోజులు పనిచేసిన కార్మికుడిని తొలగించాలంటే ఒక నెల ముందు రాతపూర్వకంగా కారణంతో కూడిన నోటీసు గాని, దానికి బదులు నెల జీతం గాని ఇవ్వాలి. పూర్తయిన ప్రతి ఏడాది సర్వీసుకు పదిహేను రోజుల సగటు వేతనాన్ని పరిహారంగా చెల్లించాలి. నెలకు 12,000 రూపాయల జీతంతో ఎనిమిదేళ్లు పనిచేసిన వ్యక్తికి ఈ లెక్కన, నోటీసు జీతం కాక, సుమారు 48,000 రూపాయలు రావాలి. గ్రాట్యుటీ, సెలవు జీతం, భవిష్యనిధి దీనికి అదనం. పైగా ఒకే రకం పని చేసేవారిలో చివర చేరినవారిని ముందుగా తొలగించాలి, మళ్లీ మనుషులు కావలసివస్తే తొలగించినవారికి మొదట అవకాశమివ్వాలి. ఈ డబ్బు తొలగింపు తరువాత ఎప్పుడో ఇచ్చేది కాదని, తొలగింపు చెల్లుబాటు కావడానికే అది ముందస్తు షరతు అని న్యాయస్థానాలు పదేపదే చెప్పాయి.

ఈ నియమాల్లో ప్రాణం 240 రోజులన్న లెక్కలో ఉంది, కార్మికుడి కష్టమంతా కూడా అక్కడే ఉంది. తాను అన్ని రోజులు పనిచేశానని రుజువు చేసే బాధ్యత కార్మికుడిదేనని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయితే మస్టర్లు, జీతాల పుస్తకాలు యజమాని దగ్గరే ఉంటాయి గనుక కార్మికుడు సాక్ష్యం చెప్పి, ఆ రికార్డులు తెప్పించమని కోరవచ్చునని, కోరినా యజమాని వాటిని దాచిపెడితే ఆ సంగతిని అతనికి వ్యతిరేకంగా పరిగణించవచ్చునని కూడా తరువాతి తీర్పుల్లో వివరించింది. నియామక పత్రం లేకుండా, జీతం చేతికి నగదుగా పుచ్చుకుంటూ, హాజరు పట్టీలో సంతకం కూడా చేయని మనిషి ఆ 240 రోజులను ఎక్కడి నుంచి తెచ్చి చూపించగలడు? ఈ ప్రాంతంలో కార్మికుడికి చట్టం చేసిన అన్యాయం కన్నా కాగితం లేకపోవడం చేసే అన్యాయమే ఎక్కువ.

1947 చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ 2020లో పార్లమెంటు ఆమోదం పొంది, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. రిట్రెంచ్‌మెంట్ పరిహారం పాత లెక్కలోనే ఉంది. దానికి తోడు, తొలగించిన ప్రతి కార్మికుడి పేరిట యజమాని పదిహేను రోజుల వేతనాన్ని నైపుణ్య పునఃశిక్షణ నిధికి జమచేయాలని, అది 45 రోజుల్లో కార్మికుడి ఖాతాకు చేరాలని కొత్త నియమం వచ్చింది. ఇది మేలైన మార్పే. కాని ప్రభుత్వానుమతి లేకుండా రిట్రెంచ్‌మెంట్ గాని మూసివేత గాని చేయరాదన్న నియమం పాత కేంద్ర చట్టం కింద వంద మంది కార్మికులున్న కర్మాగారాలకు వర్తించగా, ఇప్పుడు ఆ హద్దును 300కు పెంచారు. నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగి గడువు ముగిసి వెళ్లిపోతే అది రిట్రెంచ్‌మెంట్ కిందికి రాదు. ఏడాది పూర్తిచేస్తే అతనికి గ్రాట్యుటీ మాత్రం దక్కుతుంది. తొలగింపుపై ఫిర్యాదు చేయడానికి ఇదివరకు మూడేళ్లుగా ఉన్న గడువును రెండేళ్లకు కుదించారు. మిగతా మార్పులపై సంఘాలూ, పరిశ్రమలూ గట్టిగా వాదించుకున్నాయి గాని, పెద్దగా చర్చకు రాని ఈ గడువు కోతే సామాన్య కార్మికుడికి ఎక్కువ నష్టం కలిగించేది. ఎందుకంటే ఉద్యోగం పోయినవారు మొదటి ఏడాది యజమాని మళ్లీ పిలుస్తాడేమోనన్న ఆశతోను, పెద్దమనుషుల రాయబారాలతోను గడిపేయడం చాలా చోట్ల జరిగేదే.

తిరుపతి వీధుల్లో అందరికంటే ఎక్కువగా అక్కరకు వచ్చేది మాత్రం ఈ కేంద్ర చట్టాల కన్నా ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం, 1988. బట్టల దుకాణం, హోటలు, లాడ్జి, సినిమా హాలు, ప్రైవేటు కార్యాలయం వంటివన్నీ దీని పరిధిలోకి వస్తాయి. ఈ చట్టంలోని 47వ సెక్షన్ ప్రకారం ఆరు నెలలకు తక్కువ కాకుండా ఎడతెగక పనిచేసిన ఉద్యోగిని సమంజసమైన కారణం లేకుండా తొలగించరాదు. కారణం ఉన్నా కనీసం నెల రోజుల రాతపూర్వక నోటీసు గాని, దానికి బదులు జీతం గాని ఇవ్వాలి. సర్వీసు ఏడాది దాటితే ఏడాదికి పదిహేను రోజుల సగటు వేతనం చొప్పున సేవా పరిహారమూ చెల్లించాలి. ఉద్యోగి తప్పు చేశాడన్నప్పుడు ఈ నోటీసు అవసరం లేదు గాని, ఆ తప్పు విచారణలో నమోదైన సాక్ష్యంతో రుజువై ఉండాలి. తొలగింపు అన్యాయమని భావించిన ఉద్యోగి కార్మిక శాఖలో ఇందుకోసం నియమితుడైన అధికారికి అప్పీలు చేసుకోవచ్చు, అక్కడి నిర్ణయంపై లేబర్ కోర్టుకు వెళ్లవచ్చు. గదుల తాళాలు చూసుకునే కుర్రవాడికీ, చీరలు మడతపెట్టే అమ్మాయికీ వర్తించే ఇంత సూటి నియమం మరొకటి లేదు. అయినా పెద్ద కర్మాగారాల కార్మికులకు సంఘం ద్వారా చట్టం తెలిసినట్టు, నలుగురైదుగురు పనిచేసే దుకాణాల్లో ఇది తెలియదు. వారికి సంఘం ఉండదు, యజమాని తరచుగా బంధువో ఊరివాడో అయి ఉంటాడు, పని మానిపించినప్పుడు ఫిర్యాదు చేయడమంటే ఊళ్లో మాట పోగొట్టుకోవడమేనన్న భయం కూడా ఉంటుంది.

తప్పు చేశాడన్న ఆరోపణతో తొలగించేటప్పుడు జరగవలసిన క్రమాన్ని ఇంగ్లీషులో డొమెస్టిక్ ఎంక్వయిరీ, తెలుగులో శాఖాపరమైన విచారణ అంటారు. ఆరోపణ ఏమిటో, ఎప్పుడు ఎక్కడ జరిగిందో చెప్పే చార్జిషీటు ఇవ్వాలి. జవాబు రాసుకోవడానికి తగిన వ్యవధి ఉండాలి. ఆరోపణ చేసినవాడు తప్ప మరొకరు విచారణాధికారిగా ఉండాలి. యాజమాన్యం సాక్షులు ఉద్యోగి ఎదుటే చెప్పాలి, వారిని అతడు ప్రశ్నించగలగాలి. తన సాక్షులను తెచ్చుకునే అవకాశం అతనికీ ఉండాలి. విచారణ జరిగే కాలంలో సస్పెండు చేస్తే జీవన భృతి ఇవ్వాలి. అది మొదటి తొంభై రోజులు జీతంలో సగం, ఆ తరువాత ఉద్యోగి వల్ల కాని జాప్యం జరిగితే ముప్పాతిక.

విచారణాధికారి నివేదికను ఉద్యోగికి చూపించకుండానే శిక్ష వేయవచ్చునా అన్న ప్రశ్నకు జవాబు హైదరాబాదు నుంచి వచ్చింది. ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే ఈసీఐఎల్, ఉద్యోగి ఒకరి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1993లో, శిక్ష నిర్ణయించకముందే ఆ నివేదిక ప్రతిని ఉద్యోగికి ఇచ్చి దానిపై అతని వాదన వినాలని తీర్పు చెప్పింది. ప్రభుత్వరంగ సంస్థల్లోను, ప్రైవేటు సంస్థల్లోను ఈనాడు విచారణ నివేదికతో పాటు మరొక నోటీసు వస్తున్నదంటే దానికి మూలం ఆ తీర్పే. అదే తీర్పులో కోర్టు ఒక జాగ్రత్త కూడా చెప్పింది: నివేదిక ఇవ్వనంత మాత్రాన ఉద్యోగం తనంతట తాను తిరిగి రాదు, ఇవ్వకపోవడం వల్ల తనకు నష్టం జరిగిందని ఉద్యోగి చూపించగలగాలి.

జీవన భృతి ఎంత ముఖ్యమైనదో చెప్పే కేసు చిత్తూరు జిల్లా సరిహద్దు దాటగానే ఉన్న కోలారు బంగారు గనులది. ఆ గనుల యాజమాన్యమైన భారత్ గోల్డ్ మైన్స్ సంస్థలో భద్రతాధికారిగా ఉన్న వ్యక్తి ఇంట్లో 1985లో పోలీసులు సోదా చేసి బంగారం దొరికిందన్నారు. అతనిపై క్రిమినల్ కేసూ, శాఖాపరమైన విచారణా రెండూ మొదలయ్యాయి. భృతి చెల్లించకపోవడంతో అతడు విచారణకు రాలేకపోగా, యాజమాన్యం అతడు లేకుండానే విచారణ ముగించి 1986లో డిస్మిస్ చేసింది. మరుసటి ఏడాది క్రిమినల్ కోర్టు అదే ఆరోపణ రుజువు కాలేదని అతడిని విడిచిపెట్టింది. సుప్రీంకోర్టు 1999 మార్చిలో ఇచ్చిన తీర్పులో, తిండికి డబ్బులు ఇవ్వకుండా విచారణకు రమ్మనడం అవకాశమివ్వడం కాదని, అవే వాస్తవాలు, అవే సాక్షులు ఉన్న క్రిమినల్ కేసు కొట్టివేసిన తరువాత డిస్మిస్ ఉత్తర్వు నిలబడదని ప్రకటించి, పాత జీతంతో సహా అతడిని విధుల్లోకి తీసుకోమన్నది. క్రిమినల్ కేసులో విడుదలైన ప్రతి ఉద్యోగికీ కొలువు తిరిగి వస్తుందని దీని నుంచి అర్థం తీయకూడదు. రెండు చోట్లా రుజువు ప్రమాణాలు వేరు గనుక చాలా కేసుల్లో కోర్టులు దీనికి భిన్నంగానూ చెప్పాయి. అయితే భృతి ఎగవేసి నడిపిన విచారణ చెల్లదన్న సూత్రం మాత్రం బలంగా నిలిచింది.

పనికి రాకపోవడమే రాజీనామా అనే వాదన మరొకటి ఉంది. ఇన్ని రోజులు సెలవు పెట్టకుండా రాకపోతే పేరు దానంతట అదే పోతుందని స్టాండింగ్ ఆర్డర్లలో, అంటే సంస్థ సేవా నిబంధనల్లో, రాసుకునే యాజమాన్యాలు ఉన్నాయి. జె.ఎం.ఏ. ఇండస్ట్రీస్ కేసులో 1993లో సుప్రీంకోర్టు, అటువంటి నిబంధన ఉన్నా సరే సంజాయిషీ అడగకుండా, విచారణ జరపకుండా పేరు కొట్టివేయరాదని, బతుకుతెరువు హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఈ తీర్పు వచ్చిన పాతికేళ్లకు, తెలంగాణ ఆర్టీసీ కార్మికులు 2019 అక్టోబర్ 5న సమ్మెకు దిగినప్పుడు, గడువులోగా విధులకు రాని సుమారు 48,000 మంది తమంతట తామే ఉద్యోగాలు వదులుకున్నట్టేనని ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు ప్రకటించగా, సెల్ఫ్ డిస్మిస్ అన్న మాట తెలుగు పత్రికల్లోకి వచ్చింది. సమ్మె 52 రోజులు సాగింది. హైకోర్టులో వాదోపవాదాలు జరిగాయి. నవంబరు చివరికి అందరినీ విధుల్లో చేరమని ఆయనే ప్రకటించడంతో ఆ ప్రశ్నకు న్యాయస్థానం చేత సమాధానం చెప్పించుకోవలసిన అవసరం రాలేదు. చట్టం తెలిసినవారి దృష్టిలో మాత్రం దాని సమాధానం 1993లోనే వచ్చివుంది.

ఆర్టీసీ ప్రస్తావన వచ్చిన చోట కండక్టర్ల కేసులను వదిలిపెట్టడానికి వీలులేదు. రాయలసీమ లేబర్ కోర్టు చరిత్రలో వాటి వాటా పెద్దది. టికెట్టు ఇవ్వకుండా డబ్బు తీసుకున్నాడనో, పాత టికెట్టు మళ్లీ ఇచ్చాడనో తనిఖీ సిబ్బంది పట్టుకోవడం, చార్జిషీటు, విచారణ, ఉద్యోగం నుంచి తొలగింపు అన్న వరుస ఈ కేసుల్లో మారదు. ప్రయాణికుల వాంగ్మూలం లేకుండా ఆరోపణ రుజువైనట్టేనా అన్న ప్రశ్న హర్యానా కండక్టరు కేసులో 1977లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చినప్పుడు, శాఖాపరమైన విచారణకు సాక్ష్యాధార చట్టంలోని కఠిన నియమాలు వర్తించవని, తనిఖీ అధికారి మాట నమ్మదగినదైతే చాలునని జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ తీర్పు రాశారు. కార్మికుల పక్షపాతిగా పేరుపొందిన న్యాయమూర్తి కలం నుంచే ఆ మాట రావడం గమనించదగిన విశేషం. తీసుకున్న మొత్తం రూపాయో రెండు రూపాయలో అయినా, కండక్టరు సంస్థ డబ్బుకు ధర్మకర్త వంటివాడు కనుక అతనిపై జాలి తగదని కర్ణాటక ఆర్టీసీ కేసులో 2001లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇదంతా కండక్టరుకు వ్యతిరేకంగా ఉన్నా, 1971లో పాత చట్టానికి చేర్చిన 11ఏ సెక్షన్ లేబర్ కోర్టుకు ఒక పెద్ద అధికారమిచ్చింది: ఆరోపణ రుజువైనా, తప్పుకు శిక్ష మించిందని తోస్తే దానిని తగ్గించవచ్చు, ఇంక్రిమెంటు కోతతో ఉద్యోగం తిరిగి ఇప్పించవచ్చు. కొత్త కోడ్‌లోనూ ట్రిబ్యునల్‌కు ఈ అధికారం కొనసాగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ సిబ్బంది ప్రజా రవాణా శాఖలో ప్రభుత్వోద్యోగులుగా విలీనమయ్యారు గనుక, వారి సేవా నిబంధనలూ ఆ మేరకు మారాయి.

కోర్టు గడప తొక్కడం ఈ రాష్ట్రంలో ఇతర రాష్ట్రాల కన్నా ముందే సులువైందన్న సంగతి చాలామందికి తెలియదు. పాత కేంద్ర చట్టం కింద కార్మికుడు తనంతట తాను లేబర్ కోర్టుకు వెళ్లలేకపోయేవాడు. కార్మిక శాఖ రాజీ ప్రయత్నం చేసి, అది విఫలమైందని నివేదిస్తే, ప్రభుత్వం తలచుకుంటే కేసును కోర్టుకు పంపేది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1987లో ఆ చట్టానికి రాష్ట్ర సవరణ చేసి, తొలగించబడిన కార్మికుడు నేరుగా లేబర్ కోర్టులో దరఖాస్తు వేసుకునే వీలు కల్పించింది. దేశమంతటికీ ఆ సౌకర్యం రావడానికి 2010 దాకా పట్టింది. దారి దగ్గరైనా దూరం తగ్గలేదు. రాయలసీమకు పారిశ్రామిక ట్రిబ్యునల్, లేబర్ కోర్టు ఉన్నది అనంతపురంలో. తిరుపతి నుంచి అది రెండు వందల యాభై కిలోమీటర్లు దాటిన ప్రయాణం. జీతం లేని మనిషి వాయిదా వాయిదాకు అంత దూరం పోయి రావడమంటే, అతడికి చట్టం ఇచ్చిన హక్కులో కొంత బస్సు చార్జీలకే పోతుంది. కొత్త కోడ్ కింద ఇద్దరు సభ్యుల ట్రిబ్యునళ్లు ఏర్పడవలసి ఉంది కాబట్టి, వాటి బెంచీ ఒకటి తిరుపతిలో కూర్చునేలా చూడాలని అడగడానికి ఇదే సమయం.

కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ కార్మికుల పరిస్థితి వేరు. వారిని తొలగించేది ఎవరు అన్న ప్రశ్న దగ్గరే వారి కేసు చిక్కుకుంటుంది. ఆంధ్రప్రదేశ్ 2003లో కాంట్రాక్టు కార్మికుల చట్టాన్ని సవరించి, సంస్థ ప్రధాన కార్యకలాపాల్లో కాంట్రాక్టు కార్మికులను పెట్టరాదని చెబుతూనే, పారిశుద్ధ్యం, కాపలా, క్యాంటీన్, సరుకు ఎత్తుదించుడు వంటి పనులను ప్రధాన కార్యకలాపం కాదని మినహాయించింది. ఈ రాష్ట్రపు సూత్రమే తరువాత కేంద్ర వృత్తి భద్రతా కోడ్‌లోకి వెళ్లింది. యాత్రికుల నగరంలో ఎక్కువమంది చేసే పనులు ఆ మినహాయింపు జాబితాలోనివే కావడం ఇక్కడి దురదృష్టం. కాంట్రాక్టు రద్దయినంత మాత్రాన కార్మికులు అసలు సంస్థ ఉద్యోగులైపోరని సుప్రీంకోర్టు 2001లో స్టీల్ అథారిటీ కేసులో తేల్చింది. అయితే కాంట్రాక్టు కేవలం ముసుగేనని, పని చెప్పేదీ, సెలవు ఇచ్చేదీ, క్రమశిక్షణ చర్య తీసుకునేదీ అసలు సంస్థేనని రుజువైతే వారు ఆ సంస్థ కార్మికులేనని కూడా అదే తీర్పు చెప్పింది. ప్రభుత్వ సంస్థల్లో అడ్డదారి నియామకాలను క్రమబద్ధీకరించరాదన్న 2006 నాటి ఉమాదేవి తీర్పు ఈ వాదనలన్నిటిపై నీడలా పడుతూ ఉన్నా, ఏళ్ల తరబడి నిత్యం అవసరమైన పని చేయించుకుంటూ తాత్కాలికమని పిలవడాన్ని సుప్రీంకోర్టు ఇటీవలి తీర్పుల్లో తప్పుపట్టింది.

దేవస్థానం వంటి ధార్మిక సంస్థ చట్టం దృష్టిలో పరిశ్రమేనా అన్నది తిరుపతికి ప్రత్యేకమైన ప్రశ్న. 1978లో బెంగళూరు నీటి సరఫరా కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం పరిశ్రమ అంటే ఏమిటో నిర్వచిస్తూ, కేవలం ఆధ్యాత్మికమైన కార్యకలాపం పరిశ్రమ కాదని, కాని పెద్ద ఎత్తున ప్రసాదమో ఆహారమో తయారుచేయడం వంటి భౌతికమైన పని పరిశ్రమే అవుతుందని వివరించింది. ఆ ఉదాహరణ రాస్తున్నప్పుడు ఆ తీర్పు రాసిన జస్టిస్ కృష్ణయ్యర్ మనసులో తిరుమల లడ్డూ ఉన్నదో లేదో గాని, దానికి అతికినట్టు సరిపోయే వాక్యం అది. కొత్త కోడ్ మాత్రం ధర్మాదాయ, సామాజిక, దాతృత్వ సేవలో పూర్తిగా గాని ప్రధానంగా గాని నిమగ్నమైన సంస్థలు నడిపేవాటిని పరిశ్రమ నిర్వచనం నుంచి తప్పించింది కాబట్టి, పోటులో, అంటే తిరుమల ఆలయ వంటశాలలో, పనిచేసేవారి హక్కుల ప్రశ్న మళ్లీ న్యాయస్థానాల ముందుకు రాక తప్పదు.

సంస్థే మూతపడినప్పుడు విచారణా, తప్పూ అన్న ప్రసక్తి ఉండదు. అప్పుడు మిగిలేది ముందస్తు నోటీసు, పరిహారం, బకాయిలే. కోలారు గనులతో పాటు కుప్పం ప్రాంతంలోని చిగురుగుంట గని కూడా 2001లో మూతపడింది. ఆ మూసివేతకు అనుమతి కోరిన భారత్ గోల్డ్ మైన్స్ కేంద్ర ప్రభుత్వ సంస్థే, అనుమతి ఇచ్చిందీ కేంద్ర ప్రభుత్వమే. చిత్తూరు సహకార డెయిరీ 2002లో మూతపడి, 2023 జూలైలో అమూల్‌తో పునరుద్ధరణకు శంకుస్థాపన జరిగేదాకా రెండు దశాబ్దాలు పాడుపడి ఉంది. చిత్తూరు సహకార చక్కెర కర్మాగారం, గాజులమండ్యంలోని శ్రీవేంకటేశ్వర సహకార చక్కెర కర్మాగారం కూడా గానుగ ఆపేశాయి.

మహిళల విషయంలో చట్టం మరింత కచ్చితంగా ఉంది. ప్రసూతి సెలవులో ఉన్న ఉద్యోగినిని ఆ కాలంలో తొలగించడం, లేదా ఆమెకు నష్టం కలిగేలా సేవా షరతులు మార్చడం చట్టవిరుద్ధం. ఆ సెలవు 2017 సవరణతో 26 వారాలకు పెరిగింది. శ్రీసిటీ వంటి చోట్ల అసెంబ్లీ లైన్లలో యువతులు పెద్ద సంఖ్యలో పనిచేస్తున్నందున ఈ నియమానికి ఇక్కడ ప్రత్యేకమైన విలువ ఉంది. ఇక పారిశ్రామిక సంబంధాల కోడ్ విషయానికి వస్తే, మేనేజర్లు, పాలనాధికారులు, నెలకు 18,000 రూపాయలు దాటిన జీతంతో పర్యవేక్షణ పని చేసేవారు కార్మికుడి నిర్వచనంలోకి రారు. వారికి నియామక ఒప్పందమే ఆధారం, సివిల్ కోర్టే దారి.

కేసు గెలిస్తే ఏం దక్కుతుందన్నది చివరి ప్రశ్న. తొలగింపు చట్టవిరుద్ధమైతే తిరిగి ఉద్యోగం, గడిచిన కాలపు జీతం సాధారణ నియమమని, ఆ కాలంలో ఉద్యోగి మరోచోట సంపాదించాడని యజమాని చూపిస్తేనే ఆ జీతానికి కోత పడుతుందని దీపాలీ గుండు సుర్వసే కేసులో సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. దినసరి కూలీ మీద పనిచేసినవారిని నోటీసు, పరిహారం ఇవ్వకుండా తొలగించిన కేసుల్లో మాత్రం ఉద్యోగానికి బదులు ఏకమొత్తంగా పరిహారం ఇప్పించే ధోరణి ఇటీవల పెరిగింది. ఇరవై ఏళ్లు వ్యాజ్యమాడిన మనిషికి ఒకటి రెండు లక్షలు ఇచ్చి పంపడం న్యాయమా అన్న సందేహం రాకపోదు. కేసుతో నిమిత్తం లేకుండా వెంటనే రావలసినదీ ఒకటి ఉంది. తొలగించినా, రాజీనామా చేసినా చివరి జీతం రెండు పనిదినాల్లో చెల్లించాలని వేతన కోడ్ చెబుతుంది.

ఉద్యోగం పోయినవారు మొదట చేయవలసిన పని ఖాళీ కాగితం మీద గాని, రాజీనామా పత్రం మీద గాని సంతకం చేయకపోవడం, నోటిమాటగా మానిపించినట్లయితే పనికి సిద్ధంగా ఉన్నానని యజమానికి స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపి రసీదు దాచుకోవడం. భవిష్యనిధి పాస్‌బుక్‌లో నెలనెలా పడిన జమలు, ఈఎస్‌ఐ కార్డు, బ్యాంకు ఖాతాలో పడిన జీతం, గుర్తింపు కార్డు, పని కేటాయిస్తూ వచ్చిన ఫోను సందేశాలు కూడా 240 రోజుల లెక్కకు సాక్ష్యాలే అవుతాయి. తరువాత ఫిర్యాదును జిల్లా కార్మిక శాఖ కార్యాలయంలో ఇచ్చి, దాని నకలుపై స్వీకరించినట్టు ముద్ర వేయించుకోవాలి, రెండేళ్ల గడువును మరువకూడదు. న్యాయవాదికి ఇచ్చుకునే స్తోమత లేదని ఆగిపోవలసిన పనిలేదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారికి, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని నియమిస్తారు. అందుకు చిత్తూరులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో గాని, తమ ప్రాంతపు కోర్టు ఆవరణలోని న్యాయ సేవల కమిటీలో గాని తెల్లకాగితం మీద దరఖాస్తు రాసి ఇస్తే సరిపోతుంది.